పొత్తు సైజు కాదు, మొక్కల లెక్క చూడండి

సార్వా (ఖరీఫ్) వరి కోశాక దాళ్వా (రబీ వరి) మానేసి మొక్కజొన్న వేస్తామని మా తణుకు వైపు చాలామంది అంటున్నారు. ఇథనాల్ కంపెనీలు గింజ కొంటున్నాయనే ధైర్యం. టన్ను గింజకు సుమారు 380 లీటర్ల ఇథనాల్ వస్తుంది. వాళ్ళకు కావలసింది ఎండిన గింజ బరువే. ఆ బరువు సగం విత్తేటప్పుడే తేలిపోతుందని నా నమ్మకం.

సాళ్ళ మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెట్టండి. ఎకరాకు 33 వేల పైచిలుకు మొక్కలు పడతాయి. 20ని 25 చేస్తే 27 వేలకు దిగుతుంది. పొత్తు బొద్దుగా, చూడముచ్చటగా వస్తుంది కానీ ఆరున్నర వేల పొత్తుల లోటు పూడదు. 15కి తగ్గిస్తే 44 వేలు దాటి, ఒకదాని నీడ ఇంకోదాని మీద పడుతుంది. పీచు ఆలస్యంగా వస్తుంది, పుప్పొడి అందక పొత్తు కొసన గింజ కట్టదు. కొన్ని మొక్కలకు అసలు పొత్తే ఉండదు. కాండం సన్నబడి గాలికి పడిపోతుంది కూడా.

దున్నకుండా వేసేవాళ్ళు వరి దుబ్బులను నేలబారుగా కోయించండి. తాడుకు 20 సెంటీమీటర్లకో ముడి వేసి, ముడి ముడికీ గింజ పెట్టించండి.

రెండేసి మొలిచిన చోట పది రోజులకల్లా ఒకటి తీసేయాలి. ఈ పనిలోనే తొందరపడతారు. పైన గిల్లితే మళ్ళీ చిగురేస్తుంది, ఆ వయసులో మొవ్వు ఇంకా మట్టిలోపలే ఉంటుంది మరి. ఉంచే మొక్క మొదట్లో రెండు వేళ్ళు ఆనించి, పక్కదాన్ని వేరుతో సహా లాగండి. నేల తడిగా ఉన్నప్పుడైతే తేలిగ్గా వస్తుంది. ఖాళీ పడితే ఆలస్యంగా గింజ పెట్టకండి, అది పెద్ద మొక్కల నీడలో ఎదగదు. ఖాళీ పక్క కుదురులో రెండు మొక్కలూ ఉంచేయండి.

తర్వాత టేపు పట్టుకుని సాలు వెంట 10 మీటర్లు కొలవండి. 50 మొక్కలుండాలి. గట్టు దగ్గర బాగున్నచోట కొలిచి వచ్చేయకండి, నీరు నిలిచే పల్లంలోనూ చూడండి. అక్కడ 35 వస్తే వచ్చే ఏడు దూరం మార్చక్కర్లేదు, ముందు మురుగు బోదె తీయించండి.

ఇదంతా నీరు, యూరియా వేళకు అందే చేనుకే. కాలువ శివారు పొలమై, చివరి తడి మీద నమ్మకం లేకపోతే 25 సెంటీమీటర్లే పెట్టుకోండి.