పాత నవలలోని కఠిన పదాలను నేర్చుకోవడం ఎలా?

పాత తెలుగు నవలను ఇష్టంగా చేతిలోకి తీసుకుని, నాలుగు పుటలు తిరగకముందే మూసేసేవారు చాలామంది. మాటలు అర్థం కావడం లేదంటారు. నిఘంటువు పక్కన పెట్టుకుని కూర్చున్నవారికి ఇంకా ఎక్కువ నిరాశ ఎదురవుతుంది. పదం కోసం వెతుకుతారు, దొరకదు, అది నిఘంటువులోనే లేదని తేల్చేస్తారు. పదం ఉంటుంది. వెతికిన చోటే తప్పు. ఈ ఒక్క సంగతి ఎవరూ చెప్పకపోవడం వల్ల మంచి పాఠకులు మంచి పుస్తకాలకు దూరమవుతున్నారు. అందుకే ఈ పద్ధతిని మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను.

ముందు నవల సంగతి. గోదావరి డెల్టాలో ఉండేవారు ‘రాజశేఖర చరిత్రము’తోనే మొదలుపెట్టాలి. రాజమహేంద్రవరంలో 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగం దీన్ని 1878లో తన ‘వివేకవర్ధని’ పత్రికలో ధారావాహికగా వేశారు. 1880లో పుస్తకంగా వచ్చింది. కథ ధవళేశ్వరంలో మొదలవుతుంది. మనం ఎరిగిన ఊరు, రోజూ చూసే నది, ఎక్కి దిగిన కొండ కళ్లముందు ఉంటే, తెలియని మాట తగిలినా దాని చుట్టూ ఉన్న దృశ్యం తెలిసే ఉంటుంది. ఆ ఊతం వేరే ఏ నవలా మనకు ఇవ్వదు. ‘వేయిపడగలు’ జోలికి మొదటే పోవద్దు. దాని పరిమాణం చూసే సగంమంది ఆగిపోతారు.

సరంజామా పెద్దగా అక్కర్లేదు. ఒక పెన్సిలు, ఒక గీతల నోటుపుస్తకం, ఒక నిఘంటువు చాలు. పెన్ను వద్దు, పాత పుస్తకం మీద సిరా పడకూడదు. నిఘంటువుల్లో నా ఓటు బహుజనపల్లి సీతారామాచార్యుల ‘శబ్దరత్నాకరము’కే. పిఠాపురం మహారాజా పోషణలో తయారైన ‘సూర్యరాయాంధ్ర నిఘంటువు’ దానికంటే ఎంతో విస్తారమైనది. కాని అన్ని సంపుటాలూ ఇంట్లో ఉండేది ఎందరికి? అది కావలసినప్పుడు రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం లాంటి చోటికి వెళ్లి చూసుకోవచ్చు. ఫోనులో అయితే ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైట్ అనేక నిఘంటువులను ఒకేసారి వెతికి పెడుతుంది. అయితే చదువుతున్నంతసేపూ ఫోను మరో గదిలో ఉండాలి. వెతుకులాట చదవడం అయ్యాకే.

మొదటిసారి ఒక అధ్యాయాన్ని పైకి చదవండి, ఎక్కడా ఆగకుండా. అర్థం కాని మాట కింద పెన్సిలుతో సన్నగా గీత గీసి ముందుకు సాగండి. మనసులో చదివితే కుదరదు. గ్రంథిక వచనం, అంటే పాత పుస్తకాల భాష, చెవికి తెలిసినంతగా కంటికి తెలియదు. పైకి చదివినప్పుడు గీతలు పడే మాటలు సగానికి సగం తగ్గిపోతాయి.

ఇక అసలు మెట్టుకు వద్దాం. అందరూ బోల్తాపడేది ఇక్కడే. గీత గీసిన మాటను ఉన్నదున్నట్టుగా నిఘంటువులో వెతకకూడదు. పుస్తకంలో కనిపించేది చాలాసార్లు పదం కాదు, సంధి వేసిన వేషం. ఆ వేషం తీసి మూలరూపం పట్టుకున్నాకే నిఘంటువు తెరవాలి.

అలాంటి వచనం ఎలా ఉంటుందో చూపడానికి నేనే ఒక వాక్యం రాస్తున్నాను: “అంతట నాతఁడు దల్లిమాట విని యింటికిఁ జని, యామె నుడివినట్లు చేసెను.” కొత్త పాఠకుడు దీనిలో ఆరు మాటల కింద గీత గీస్తాడు: నాతఁడు, దల్లి, యింటికి, జని, యామె, నుడివిన. ఇప్పుడు ఒక్కొక్కటే విప్పుదాం. ‘నాతఁడు’లోని నకారం ముందున్న ‘అంతటన్’ది, కాబట్టి అది ‘ఆతఁడు’. ‘దల్లి’ అంటే తల్లి. ‘యింటికి’, ‘యామె’ మాటల్లో యకారం రెండు అచ్చుల మధ్య వచ్చి చేరింది, తీసేస్తే ఇంటికి, ఆమె. ‘జని’ అసలు రూపం ‘చని’, నిఘంటువులో ‘చను’ కింద ఉంటుంది. ‘నుడివిన’ మాట ‘నుడువు’ కింద ఉంటుంది. ఆరింటిలో నిజంగా నేర్చుకోవలసినవి రెండే: చను అంటే వెళ్లు, నుడువు అంటే పలుకు. అవి కూడా పూర్తిగా కొత్తవి కావు. చనిపోవడంలో ఉన్నది ఆ ‘చను’, నుడికారంలో ఉన్నది ఆ ‘నుడి’. మిగిలిన నాలుగూ మీకు పుట్టినప్పటి నుంచీ తెలిసిన మాటలే.

అందుకే గీత గీసిన మాట ‘న’తో గాని ‘య’తో గాని మొదలైతే ముందు ఆ అక్షరాన్నే అనుమానించండి. దాన్ని తీసి, మిగిలిన అచ్చుతో పలికి చూడండి. యుండెను, యడిగెను, నెల్ల, నొక లాంటివన్నీ అక్కడికక్కడే విడిపోతాయి.

గ, జ, డ, ద, బ అక్షరాలతో మొదలైన మాట దగ్గర ఇంకా నెమ్మదిగా నడవాలి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో “ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళము లగు” అని సూత్రం. మామూలు మాటల్లో చెప్పాలంటే, ముందు పదం చివర నకారం ఉంటే తర్వాతి పదం మొదటనున్న క, చ, ట, త, ప అక్షరాలు గ, జ, డ, ద, బలుగా మారతాయి. ఆ నకారమే అరసున్నగా (ఁ) కనిపిస్తుంది. కాబట్టి అరసున్న అలంకారం కాదు, ఆనవాలు. కొందరు అరసున్నలు తీసేసిన ముద్రణలే సులువని కొంటారు. నేను ససేమిరా ఒప్పుకోను. అది లేని పుస్తకంలో పదం ఎక్కడ మారిందో చెప్పే గుర్తు పోతుంది.

కర్త తర్వాత వచ్చే మార్పు వేరు. అక్కడ క, చ, ట, త, పలు గ, స, డ, ద, వలు అవుతాయి. వాఁడు కొట్టె అన్నది ‘వాఁడు గొట్టె’ అవుతుంది, వాఁడు పోయె అన్నది ‘వాఁడు వోయె’ అవుతుంది. ‘వోయె’ కోసం వకారం కింద పుటలు తిప్పితే ఏమీ దొరకదు. ఈ మార్పు మన నోట రోజూ ఆడుతూనే ఉంది. కూర, కాయ కలిస్తే కూరగాయ. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు. ఇంకో మాట: ఈ రెండో మార్పు తెలుగు పదం తర్వాత వచ్చిన సంస్కృత పదానికి జరగదు, మొదటిది మాత్రం జరుగుతుంది.

ఇంతవరకు నేర్చుకున్నవారు వెంటనే చేసే పొరపాటు మరొకటి ఉంది. గకారం కనిపించిన చోటల్లా కకారం పెట్టేస్తారు. దారి, జలము, బలము, గంధము లాంటి మాటలు ఏ మార్పూ లేకుండానే అలా ఉంటాయి. అందువల్ల ముందున్న పదాన్ని చూడకుండా మొదటి అక్షరాన్ని మార్చవద్దు. దీనికి ఎదురు ప్రమాదమూ ఉంది. “రాజు వానికిఁ గరమందించెను” అన్న వాక్యం తీసుకోండి. ‘గరము’ నిఘంటువులో నిక్షేపంగా ఉంది, అర్థం విషం. రాజు వాడికి విషం ఇచ్చాడనుకుని చదువరి కథలో ముందుకు వెళ్లిపోతాడు. అసలు ‘వానికిఁ’ చివర అరసున్న ఉంది, కాబట్టి అక్కడున్నది ‘కరము’ కావచ్చు. రాజు చేయి అందించాడు. ఒక అరసున్న చూడకపోతే స్నేహితుడు హంతకుడయ్యాడు. ఇలాంటి చోట రెండు రూపాలూ వెతికి, రెండు అర్థాలూ వాక్యంలో పెట్టి చూసి, ముందువెనుకల కథకు ఏది అతుకుతుందో దాన్నే తీసుకోవాలి. పదం నిఘంటువులో దొరికింది కదా అని అక్కడితో ఆగవద్దు. దొరకని పదం కంటే తప్పుగా దొరికిన పదమే ఎక్కువ చెడుపు చేస్తుంది.

సంధి విప్పాక కూడా క్రియ దొరకకపోతే నడుమ ఉన్న ఇకారాన్ని ఉకారం చేసి చూడండి. అడిగెను ‘అడుగు’లో, నిలిచెను ‘నిలుచు’లో, నుడివెను ‘నుడువు’లో దొరుకుతాయి. నామవాచకాల చివర ‘ంబు’ ఉంటే ‘ము’ చేయండి, తపంబు కాస్తా తపము అవుతుంది. ‘ఏటి’ దొరకలేదని ఒక విద్యార్థి అడిగాడు. రోజూ ఏటిగట్టు మీద సైకిలు తొక్కే పిల్లవాడు! అది ‘ఏఱు’ కింద ఉంటుంది, బండి ఱతో. మామూలు రకారంతో ‘ఏరు’ అంటే దున్నడానికి సిద్ధం చేసిన నాగలి. ఇంటి ముందు కూర్చునే అరుగు వేరు, తిన్నది అఱగడం వేరు. ఈ తేడా ఇప్పుడు పలుకుబడిలో పోయినా నిఘంటువులో మాత్రం వరుస మారిపోతుంది.

పొడవైన సంస్కృత సమాసాలను చూసి బెదరవలసిన పని లేదు. వాటిని చాలావరకు చివరి నుంచి వెనక్కి చదివితే చాలు. నదీతీరవాసులు అంటే వాసులు, ఎక్కడ, తీరాన, దేని తీరాన, నది.

పదం తేలాక నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి. మొదటి గడిలో పుస్తకంలోని వాక్యం మొత్తం, రెండో గడిలో మూలరూపం, మూడో గడిలో మీరు సొంతంగా రాసిన వాక్యం ఉండాలి. అర్థానికి వేరే గడి వద్దు. పదం పక్కన అర్థం రాసుకునే అలవాటు బడి గైడ్ల నుంచి వచ్చింది. దానితో పరీక్ష దాటవచ్చు గాని నవల చదవలేరు. పట్టిక బట్టీ పట్టినవాడికి పదం పట్టికలోనే గుర్తుంటుంది, సంధిలో కలిసి ఎదురైతే మళ్లీ గుర్తుపట్టడు. రోజుకు ఐదు పదాలు దాటనివ్వవద్దు. ఆరోది ఎంత ఊరించినా రేపటికి వదలండి.

పొలం, పడవ, వంట, పెళ్లితంతులకు చెందిన మాటలైతే నిఘంటువు కంటే ముందు ఊళ్లో పెద్దవాళ్లను అడగండి. లంకల్లో సాగు చేసినవారికీ, రేవుల్లో పడవ నడిపినవారికీ పుస్తకాల్లో పాతబడిన పేర్లు ఇంకా వాడుకలో ఉంటాయి. “బాబాయ్, ఈ మాట మీరు విన్నారా?” అని వాక్యం చదివి వినిపిస్తే చాలు. అర్థంతో పాటు ఆ వస్తువు ఎలా ఉంటుందో, ఎందుకు వాడతారో కూడా చెబుతారు. ఆ వివరాన్ని వాక్యం కిందే రాసుకోండి.

నెల తర్వాత అదే అధ్యాయాన్ని పెన్సిలు లేకుండా పైకి చదవండి. నాలుక తడబడిన మాటలను మాత్రం కొత్త పుటలోకి ఎక్కించి, పాత గీతలన్నీ చెరిపేసి రెండో అధ్యాయం మొదలుపెట్టండి.