ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని బడి మారుస్తున్నారా? ఈ జాగ్రత్తలు చూసుకోండి

జూన్ 12న కదా బడులు తెరిచేది, మే నెలలో చూసుకుందాంలే అని ఊరుకోవద్దు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం), డిస్‌లెక్సియా (చదవడం, రాయడంలో ఇబ్బంది), మేధో వైకల్యం ఉన్న పిల్లలకైతే ఈ పని ఫిబ్రవరి, మార్చిలోనే మొదలుపెట్టాలి. సెలవులిచ్చేస్తే మన పిల్లాడి సంగతులు తెలిసిన టీచరమ్మ మళ్లీ దొరకరు. టీసీలో పుట్టిన తేదీ, తరగతి ఉంటాయి గానీ ‘చప్పుడెక్కువైతే బల్ల కింద దూరతాడు, కాసేపు వదిలేస్తే తనే వస్తాడు’ అని ఎవరూ రాయరు. ఆమె ఏళ్ల తరబడి గమనించి తెలుసుకున్నది కొత్త బడికి చేరకపోతే కథ మళ్లీ మొదటికొస్తుంది.

అందుకే పరీక్షలకు ముందే ఆమె దగ్గర కూర్చుని ఒక పేజీ రాయించుకోండి. దేనికి భయపడతాడు, దేనితో కుదుటపడతాడు, బాత్‌రూమ్‌కి వెళ్లాలని ఎలా చెబుతాడు, ఎంతసేపు కూర్చోగలడు, ఫిట్స్ ఉంటే ఏ మందు, ఏ టైమ్‌కి. డాక్టరు రిపోర్టుల ఫైలు మొత్తం ఎవరూ చదవరు. ఈ ఒక్క పేజీ చదువుతారు.

కొత్త బడిని పనిదినాల్లోనే వెళ్లి చూడండి. ప్రేయర్ టైమ్‌లో మైకు ఎంత గట్టిగా ఉంది, భోజనాల దగ్గర ఎవరు కనిపెట్టుకుని ఉంటారు, సాయంత్రం గేటు దగ్గర తొక్కిసలాట ఎలా ఉంది? టాయిలెట్‌లోకి వెళ్లి గడియ వేసి తీసి చూడండి. కుళాయి పిల్లాడి చేతికి అందుతుందా చూడండి. ‘స్పెషల్ ఎడ్యుకేటర్ (ఇలాంటి పిల్లలకు చెప్పేందుకు శిక్షణ పొందిన టీచర్) ఉన్నారు’ అంటే రోజూ ఉంటారా, వారానికోసారి వచ్చిపోతారా అడగండి. మా అబ్బాయికి గంట శబ్దం పడదు. కొత్త బడి బజర్‌ని ఫోన్‌లో రికార్డు చేసి, ఇంట్లో సౌండు తగ్గించి రోజూ వినిపించి అలవాటు చేశాం.

సీటు ఇవ్వరేమోనన్న టెన్షన్‌తో కొందరు సమస్య దాచిపెడతారు. ఆ భయం నాకు తెలుసు, అయినా దాచొద్దంటాను. దాస్తే, తట్టుకోలేక పిల్లాడు అదుపు తప్పే మొదటి మెల్ట్‌డౌన్ రోజే బయటపడుతుంది, నష్టపోయేది పిల్లాడే. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం చెబుతోంది. కాదంటే కారణం కాగితం మీద రాసివ్వమనండి.

కొత్త చోట సీటు ఖాయమయ్యేదాకా టీసీ తీసుకోవద్దు. ఎనిమిదో తరగతిలోపు పిల్లలు ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారుతుంటే, టీసీ ఆలస్యమైందని చేర్చుకోకపోవడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. బడి పిల్లల వివరాలు నమోదు చేసే సర్కారు ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో పాత బడి పిల్లాడి పేరు వదిలిందో లేదో, కొత్త బడి ప్రత్యేక అవసరాల వివరం ఎక్కించిందో లేదో అడిగి తెలుసుకోండి. సదరం (వైకల్య నిర్ధారణ) సర్టిఫికెట్, యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు) కార్డుల గడువు కూడా చూసుకోండి. సర్కారు బడి అయితే మండలంలో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం రిసోర్స్ టీచర్‌ని ముందే కలవడం మంచిది.

తొమ్మిది, పది తరగతుల్లో బోర్డు మార్చాలనుకుంటే మరీ జాగ్రత్త. సీబీఎస్ఈలో స్క్రైబ్ (పిల్లాడు చెబితే పరీక్ష రాసిపెట్టేవారు), అదనపు సమయం లాంటి వెసులుబాట్లు ఉన్నాయి. వాటికోసం తొమ్మిదో తరగతి రిజిస్ట్రేషన్‌లోనే వైకల్యం వివరం పడేలా చూసుకోండి. ఇంకో మాట, బడి మారిన ఏడాదే మీడియం, ఇల్లు, థెరపిస్టు అన్నీ మార్చేయకండి. పిల్లలు తట్టుకోలేరు.

సెలవుల్లో ఖాళీ బడికి రెండు మూడుసార్లు తీసుకెళ్లి క్లాసు, కుళాయి, గేటు చూపించండి. కొత్త యూనిఫాం రెండుసార్లు ఉతికి మెత్తబడ్డాకే వేయండి. చెప్పకుండా వెళ్లిపోయే పిల్లలైతే వాచ్‌మన్‌కి, ఆయాకి, వ్యాన్ డ్రైవర్‌కి ముఖం చూపించి పరిచయం చేయాలి. మీ ఫోన్ నంబరున్న కార్డు జేబులో ఉండాలి. మొదటివారం సగం పూట చాలు, హెడ్‌మాస్టర్‌తో ముందే మాట్లాడుకోండి.

తర్వాత రోజూ సాయంత్రం లంచ్ బాక్స్ తెరిచి చూడండి. మాటలు రాని పిల్లలైతే స్నానం చేయించేటప్పుడు ఒంటి మీద దెబ్బలేమైనా ఉన్నాయేమో చూడండి. అన్నం అలాగే తిరిగి రావడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, వచ్చిన మాటలు ఆగిపోవడం కనిపిస్తే ‘అలవాటవుతుందిలే’ అనుకోకండి. మర్నాడే వెళ్లి క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. ఎవరైనా కొడుతున్నారని అనుమానం వస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.