మేడ మీది తొట్టిలో పెంచే గప్పీ చేపలు లోపలికి తెచ్చాక చావకుండా: నా అనుభవం

నెల్లూరులో కార్తీకం వానలకి తొట్టి చల్లబడితే గప్పీలు, మోలీలు (ఇవీ చిన్న పెంపుడు చేపలే) రెక్కలు ముడుచుకుంటాయి. లోపలికి తెచ్చిన వారంలో ఒంటినిండా ఉప్పురవ్వల్లా తెల్లచుక్కలు, అదో జబ్బు. హీటరు, కల్లుప్పు, మందు, రోజూ నీళ్లు మార్చడం... ఏదీ నిలవలేదు.

పనిచేసింది ఇదీ. దసరాకే స్పాంజి ఫిల్టరు తొట్టిలో వేసి నాలుగు వారాలు నడిపాను. పొద్దున ఆరింటికి నీళ్లు 24 డిగ్రీలకు దిగగానే ఆ స్పాంజిని పిండకుండా, కడగకుండా లోపలి ట్యాంకులో పెట్టాను. చేపల మలినాల్లోంచి వచ్చే విషం అమోనియాను తినే బాక్టీరియా ఉండేది అందులోనే, కుళాయి నీళ్ల కింద పెడితే క్లోరిన్‌కి చచ్చిపోతుంది. ట్యాంకులో సగం తొట్టి నీళ్లు, సగం క్లోరిన్ తీసిన నీళ్లు, హీటరు 26. బకెట్లో చేపలతో రెండు లీటర్ల తొట్టి నీళ్లుంచి, సన్నగొట్టంతో ట్యాంకు నీళ్లు నాలుగు లీటర్లయ్యేదాకా గంటసేపు వదిలాను. తర్వాత వలతో మార్చాను. ఆ రోజు మేత లేదు.

తెల్లచుక్కలు ముందే కనబడితే ఇదొక్కటే చాలదు. పెద్ద చేపలకూ ఇదే లెక్క అనను.