లైటు ఆరిందని బాటులో చెయ్యి పెట్టకండి

పదిహేను రోజుల కింద మా జూనియర్ ఒకడికి కుడి చేతి మూడు వేళ్లకు కుట్లు పడ్డాయి. 15 కిలోల డ్రమ్ బాటు, అంటే బరువైన డ్రమ్‌ని తిప్పి ఎదుటి రోబోని కొట్టే ఫైటింగ్ రోబో. ప్రాక్టీసు అయిపోయింది, పైన ఎర్ర లైటు ఆరి ఉంది, బెల్టు జారిందేమో చూద్దామని వేళ్లు లోపల పెట్టాడు. లింకు, అంటే పీకితే బ్యాటరీ కరెంటు తెగే ప్లగ్గు, పీకలేదు. పక్కనున్నవాడు రిమోటు బల్ల మీద పెడుతుంటే స్టిక్కు కాస్త కదిలింది. డ్రమ్ సరిగ్గా తిరగను కూడా లేదు, అర చుట్టు. వేళ్లు దక్కాయి, అంతవరకు నయం.

తర్వాత విప్పి చూశాం. ఎల్‌ఈడీ కాలు ఒకటి ఎపాక్సీ జిగురు అంచు దగ్గర తెగిపోయింది. మిగతాదంతా బాగానే ఉంది. బ్యాటరీ నిండా ఉంది, ఈఎస్‌సీలకు, అంటే మోటార్ల వేగాన్ని నడిపే బోర్డులకు, కరెంటు అందుతోంది, వెపన్ (ఆ డ్రమ్మే) మాట వినడానికి సిద్ధంగా ఉంది. రెండు రూపాయల లైటు ఒక్కటే చచ్చింది.

డిసెంబర్‌లో ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్, జనవరిలో ఐఐటీ మద్రాస్ శాస్త్ర, ఆ వెనకాలే మన కాలేజీల ఫెస్టులు వరసగా వస్తాయి. మీరిప్పుడు రాత్రులు మేలుకుని బాట్లు కడుతుంటారు. కళ్లద్దాలు పెట్టుకోండి, లైపో బ్యాటరీలు కాపలా లేకుండా ఛార్జింగ్‌లో వదిలేయకండి లాంటివి నేను చెప్పను. అవి మీకు తెలుసు. చేస్తారా లేదా అన్నది వేరే సంగతి. నేను చెప్పేది లైటు గురించి.

లైటు వెలుగుతోందంటే బాటులో కరెంటు ఉందని అర్థం. ఆరిందంటే? ఏమీ అర్థం కాదు. కరెంటు పోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, టంకం ఊడి ఉండొచ్చు. పోటీల్లో లైటు తప్పనిసరి అనే నియమం ‘ఆన్‌లో ఉంది, దగ్గరికి రావద్దు’ అని చెప్పడానికి పెట్టింది. ‘రా, పర్వాలేదు’ అని లైటు ఎప్పుడూ చెప్పదు.

ఎక్కడ కలపాలి

లింకు దాటాక, ఈఎస్‌సీలకు పంచే చోటికి ముందు, మెయిన్ లైను మీద కలపండి. చాలామంది రిమోటు సిగ్నల్ అందుకునే రిసీవర్ దగ్గర 5 వోల్టులు దొరుకుతున్నాయి కదా అని అక్కడ తగిలిస్తారు. ఆ 5 వోల్టులిచ్చే బీఈసీ అనే సర్క్యూట్ కాలిపోతే లైటు ఆరుతుంది, మెయిన్ లైనులో మాత్రం బ్యాటరీ వోల్టేజీ అలాగే ఉంటుంది. చూసేవాడికి బాటు చచ్చినట్టే కనిపిస్తుంది.

వెపన్‌కి వేరే బ్యాటరీ ఉంటే దానికి వేరే లింకు, వేరే లైటు. రెండింటికీ ఒకటే లైటు పెట్టి సరిపెట్టుకోవద్దు.

ఇంకో సంగతి. లింకు పీకాక కూడా లైటు కాసేపు మసకగా వెలగొచ్చు. ఈఎస్‌సీలోని కెపాసిటర్లలో మిగిలిన చార్జి అది. డ్రమ్ ఇంకా తిరుగుతుంటే మోటారే జనరేటరై లైటు వెలిగిస్తుంది. కంగారు పడకండి, పూర్తిగా ఆరేదాకా ఆగండి.

రెసిస్టర్ ఎక్కడ పెట్టారన్నది ఎవరూ పట్టించుకోరు. అందరూ ఎల్‌ఈడీ కాలికే అతికిస్తారు, చూడ్డానికి నీట్‌గా ఉంటుందని. అప్పుడు మెయిన్ లైను నుంచి ఎల్‌ఈడీ దాకా ఆ సన్న వైరంతా నేరుగా లైపో మీద ఉన్నట్టే. దెబ్బకి అది నలిగి చాసీకో, అవతలి వైరుకో తగిలితే వందల ఆంపియర్లు ఇవ్వగల బ్యాటరీ ఆ వైరులోంచి కక్కుతుంది. వైరు ఎర్రగా కాలి, పక్కనున్న లైపో పొరకి అంటుకుంటుంది. రెసిస్టర్‌ని ప్లస్ వైపు, మెయిన్ లైను మొదట్లోనే పెట్టండి. అప్పుడు వైరు ఎక్కడ నలిగినా కొన్ని మిల్లీ ఆంపియర్లకు మించి పారదు.

ఏ లైటు

ఫిలమెంటు బల్బులు వద్దు, గాజువి అసలే వద్దు. నట్టు బిగించే ప్యానెల్ లైట్లు అందంగా ఉంటాయి గానీ రెండో దెబ్బకి నట్టు వదులవుతుంది, బయటికి పొడుచుకొచ్చిన తల మూడో దెబ్బకి ఎగిరిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు 5 మిల్లీమీటర్ల హై బ్రైట్ ఎర్ర ఎల్‌ఈడీ చాలు.

లెక్క చూసుకోండి. 3ఎస్, అంటే మూడు సెల్స్ లైపో, నిండా ఉంటే 12.6 వోల్టులు. ఎర్ర ఎల్‌ఈడీ 2 వోల్టులు తింటుంది, 1 కిలోఓమ్ పెడితే 10 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు, బాగుంటుంది. అదే రెసిస్టర్ 6ఎస్ బాటులో పెడితే? 25.2 వోల్టుల్లో 23.2 దాని మీదే పడతాయి, అర వాట్ దాటిపోతుంది. మీ దగ్గరుండేవి పావు వాట్‌వి. నల్లగా మాడి ఒకరోజు తెగుతుంది. 6ఎస్‌కి 3.3 కిలోఓమ్ పెట్టండి, 7 మిల్లీ ఆంపియర్లు వస్తాయి, అరీనా అవతల నుంచి కూడా కనిపిస్తుంది. 12 వోల్టుల ఎల్‌ఈడీ పట్టీ ముక్క 3ఎస్ వరకే. ఆ పైన వేడెక్కి చస్తుంది.

దెబ్బకి ఎల్‌ఈడీ తల పగలడం అరుదు, అది గట్టి ముద్ద. తెగేది కాలు, అదీ గట్టిగా పట్టి ఉన్న చోటు అయిపోయి, ఊగే చోటు మొదలయ్యే దగ్గర. మా జూనియర్ బాటులో జరిగింది అదే. కాళ్లు పొట్టిగా కత్తిరించండి. సన్న సిలికాన్ వైరు టంకం వేసి ఒక్కో కాలికి హీట్ ష్రింక్ (వేడికి బిగుసుకునే గొట్టం), ఆపైన రెండు కాళ్లనీ ఎల్‌ఈడీ అడుగునీ కలిపి ఇంకో పెద్ద హీట్ ష్రింక్ వేయండి. అంగుళం దూరంలో వైరుని చాసీకి జిప్ టైతో కట్టి, మధ్యలో చిన్న మెలిక వదలండి. బాటు అదిరినప్పుడు మెలిక ఊగాలి, కాలు ఊగకూడదు.

లైటుని లింకు బొక్క పక్కనే పెట్టండి. నా ఇష్టం కొద్దీ చెప్పడం లేదు. లైటు కోసం వెతికే కన్ను లింకు లోపల ఉందో లేదో కూడా చూస్తుంది.

ఇక మిగతావి, గుర్తొచ్చిన వరసలో:

- లైటు బాటు గోడ వెనక, లోపలికి ఉండాలి. బొక్కలోంచి వెలుగు వస్తే చాలు.
- రెండు లైట్లు పెట్టండి, దేని రెసిస్టర్ దానికే. రెండిటినీ సిరీస్‌లో పెడితే ఒకటి పోతే రెండూ పోతాయి.
- తిరగబడినా నడిచే బాటుకి పైన ఒకటి, కింద ఒకటి.
- గ్లూ గన్ వద్దు. నున్నటి పాలీకార్బనేట్ ప్లాస్టిక్ మీంచి ఒక్క దెబ్బకి పెంకులా ఊడుతుంది.
- పాలీకార్బనేట్ దగ్గర థ్రెడ్‌లాకర్ (నట్లు వదులవకుండా పూసే జిగురు) చుక్క కూడా పడనీయకండి. పగుళ్లు తెస్తుంది.
- బెల్టు తీసేసి, లింకు పెట్టి, చెక్క సుత్తితో చాసీ నాలుగు వైపులా కొట్టండి. లైటు రెప్ప కొడితే ఆ అతుకు విప్పాల్సిందే.
- ప్రతి ఫైటు ముందూ కొట్టండి.
- ‘ఫైటులో వెలుగుతుందిలే’ అన్నవాడికి టంకం తుపాకీ ఇవ్వకండి.
- డ్రమ్ పూర్తిగా ఆగాలి. తర్వాత వెపన్ లాక్, అంటే డ్రమ్ తిరగకుండా పెట్టే అడ్డు. తర్వాత లింకు. ఈ వరస మారదు.
- ఆన్ చేసేటప్పుడు లాక్ ఉండగానే లింకు పెట్టి లైటు చూడండి. లాక్ ఆఖరున తీయండి.
- లైటు ఆరి ఉన్నా లాక్ పెట్టండి.
- లైటు ఆరి ఉన్నా లింకు పీకండి.
- లైటు ఆరి ఉన్నా.
- రిమోటు డ్రైవరు మెడలోనే ఉండాలి. బల్ల మీద కాదు, ఫ్రెండు చేతిలో కాదు, బ్యాగులో అసలు కాదు.
- ఫోటోల కోసం ఎవర్నీ వంగనీయకండి. అమ్మానాన్నల్ని కూడా.
- లింకు పీకినవాడు దాన్ని పైకెత్తి ‘లింకు బయట’ అని అరవాలి. ఆ లింకు కనిపించేదాకా ఎవరూ వంగకూడదు.

మా బాటు లింకుకి ఇప్పుడు జానెడు ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. చూసినవాళ్లు పెళ్లికొడుకు బాటు అని నవ్వుతున్నారు. కుట్లు విప్పించుకుని వచ్చిన రోజు దాన్ని కట్టింది ఆ జూనియరే, ఎడమ చేత్తో.