గోదావరి వరద: ధవళేశ్వరంలో ఎంతుంటే మీ గుమ్మంలో ఎంత?

జూలై వచ్చిందంటే గోదావరి మధ్య దిబ్బల మీది లంక ఊళ్లలో అందరి నోటా ఒకటే మాట: "భద్రాచలంలో ఎంతుందంట?" టీవీలో ఎగువన భద్రాచలంలో 43 అడుగులు, దిగువన ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులు అని చెబుతారు. 43 అనగానే హడలిపోయి, 11 అనగానే "ఇంకా తక్కువే కదా" అని ఊరుకున్నవాళ్లను నేను చూశాను. ఆ పొరపాటు ప్రాణం మీదికి తెస్తుంది. నిజానికి ఆ రెండూ మొదటి ప్రమాద హెచ్చరికలే. ఎక్కడి స్కేలు అక్కడిది. అందులో సున్నా ఎక్కడ పెట్టారన్నదాన్ని బట్టి అంకె ఉంటుంది. అది ఏటి లోతు కాదు, మీ వాకిట్లో నీటి లోతు అసలే కాదు. భద్రాచలంలో రెండోది 48, మూడోది 53. ధవళేశ్వరంలో రెండోది 13.75, మూడోది 17.75. ఈ ఆరు అంకెలూ తలుపు వెనకాల రాసి పెట్టుకోండి.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, 28 లీటర్ల పైచిలుకు. దాదాపు రెండు బిందెలు. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చేసరికి బ్యారేజీ నుంచి సముద్రంలోకి వదిలేది 10 లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో అది 25 లక్షలు దాటింది. 1986 ఆగస్టులో 35 లక్షలు వచ్చింది.

ఈ అంకెలు మన ఇంటికి పనికిరావాలంటే వాటిని మన గుమ్మానికి ముడిపెట్టుకోవాలి. 2022లో మా నాన్న వాకిట్లో కొబ్బరిచెట్టుకు పూట పూటకీ ఒక మేకు కొట్టారు. రెండో హెచ్చరిక ఇచ్చిన పూట నీళ్లు పశువులపాక గుంజ మొదటికి వచ్చాయి. మూడోది దాటాక వీధి మెట్లు మూడూ మునిగాయి. ఇప్పుడు రేడియోలో 13 అనగానే అమ్మ గేదెల పలుపులు విప్పుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే పాత వరదల గుర్తులు ఏ గోడ మీదో, ఏ గుడి మెట్టు మీదో చూపిస్తారు. వర్షాలు మొదలవకముందే వెళ్లి చూసి రండి.

"నూరేళ్లకోసారి వచ్చే వరద" అనే మాట కూడా జనాన్ని తప్పుదోవ పట్టిస్తోంది. ఒకసారి వచ్చింది కాబట్టి ఇక మన కాలంలో రాదని ధైర్యపడతాం. దాని అసలు అర్థం వేరు. అంత వరద ఏ ఏడాదైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. నిరుడు వచ్చినా ఈ ఏడూ ఆ ఒక్క శాతం అలాగే ఉంటుంది. భద్రాచలంలో గోదావరి 70 అడుగులు దాటింది 1986లో, 1990లో, మళ్లీ 2022లో. మొదటి రెంటికీ మధ్య నాలుగేళ్లే.

గట్టు లోపలి లంకలన్నీ ఏటి సొత్తే. వరద వచ్చినప్పుడు పరుచుకోవడానికి ఏరు ఉంచుకున్న చోటది. అక్కడ ఇల్లున్నవాళ్లు మొదటి హెచ్చరికకే ముసలివాళ్లను, గర్భిణులను, పసిపిల్లలను గట్టు దాటించాలి. కాజ్‌వే, అంటే ఏటి పాయకు అడ్డంగా వేసిన పల్లపు రోడ్డు, మునిగాక పడవ తప్ప దారి ఉండదు, రాత్రిపూట ఆ పడవ ప్రయాణం ఎంత టెన్షనో ఎక్కినవాళ్లకే తెలుసు. చాకలిపాలెం, కనకాయలంక మధ్య కాజ్‌వే ఏటా మునిగేదే. మోకాలి లోతే కదా అని బండి దించకండి. అడుగున రోడ్డు కోసుకుపోయిందేమో పైనుంచి కనబడదు.

గట్టు బయట ఉన్నవాళ్లం మనకేం భయం అనుకోకండి. ఏటిగట్టు అవతలి వాలున, పాదం దగ్గర ఊట కనిపిస్తే ఆ నీటి రంగు చూడండి. తేటగా వస్తుంటే కాపలా పెట్టి గమనించాలి. బురదగా, ఇసుకతో వస్తుంటే అది బుంగ. లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, గండికి అదే మొదలు. వెంటనే ఇరిగేషన్ వాళ్లకు, సచివాలయానికి చెప్పండి. చాలామంది కంగారులో ఆ కన్నంలో గుడ్డలు కుక్కుతారు. నీరు పక్కనుంచి ఇంకో దారి చేసుకుంటుంది. చుట్టూ ఇసుక బస్తాలు నూతి వరలా పేర్చాలి. లోపల నీటిమట్టం పెరిగేకొద్దీ ఊట జోరు తగ్గి మట్టి రావడం ఆగుతుంది.

అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో వరద వస్తే ఇంకాస్త జాగ్రత్త. సముద్రం పోటు మీద ఉంటే నీరు తీసుకోదు, పాయలు నిండుగా నిలబడిపోతాయి. ఏరు ఎత్తులో ఉంటే డ్రెయిన్ల నీరు కూడా పోయే దారి లేక ఊళ్లోకి ఎగదన్నుతుంది. గట్టు భద్రంగా ఉన్నా వీధులు మునిగేది అందుకే.

ఇల్లు వదిలేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేయండి. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ తీసి, బండను కిటికీ ఊచలకు కట్టండి, లేకపోతే తేలిపోతుంది. పట్టాదారు పుస్తకాలు, ఆధార్, రోజూ వేసుకునే మందులు పాలిథిన్ కవరులో పెట్టి మీ ఒంటి మీదే ఉంచుకోండి. పశువులను కట్టేసి మాత్రం వెళ్లకండి. సాయానికి 112 గానీ 1070 గానీ చేయొచ్చు.

నీరు లాగేటప్పుడు ఒడ్డు అంచుకు పోకండి. నాని ఉన్న మట్టి పెళ్లలు పెళ్లలుగా విరిగి ఏట్లో పడేది అప్పుడే. మట్టిగోడలు కూలేదీ అప్పుడే. ఇంట్లోకి అడుగుపెట్టేముందు కర్రతో మూలలు, అటక, బస్తాల సందులు కదిపి చూడండి, పాములుంటాయి. బావిలో క్లోరిన్ వేసేదాకా నీళ్లు కాచే తాగండి.

గోడలు కడిగే తొందరలో మాత్రం బురద గీతను చెరిపేయకండి. ముందు దాని మీద పెయింటుతో గీత గీసి, పక్కన తేదీ, ఆ రోజు ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుందో రాసిపెట్టి అప్పుడు కడగండి.