సొంత కిల్ట్ కుట్టించుకునే ముందు: స్కాట్లండ్‌కి కొత్తగా వచ్చిన మనవాళ్ళకి

స్కాట్లండ్‌లో కొన్నాళ్ళు ఉన్నాక మనవాళ్ళలో చాలామందికి కిల్ట్ మీద, అంటే ఇక్కడి మగవాళ్ళు నడుము చుట్టూ కట్టుకునే మోకాళ్ళ దాకా వచ్చే కుచ్చిళ్ళ ఉన్ని వస్త్రం మీద, మనసు పడుతుంది. ఆఫీసులో ఎవరిదో పెళ్ళి, యూనివర్సిటీలో గ్రాడ్యుయేషన్, జనవరి 25న కవి రాబర్ట్ బర్న్స్ పేరిట జరిగే బర్న్స్ నైట్ విందు, ఏదో ఒక సందర్భం వస్తూనే ఉంటుంది. వెంటనే ఒక సందేహం కూడా వస్తుంది: మనం వేసుకుంటే వీళ్ళేమైనా అనుకుంటారా? నిశ్చింతగా వేసుకోండి. ఏ టార్టన్ (కిల్ట్ బట్ట మీది గళ్ళ డిజైన్) ఎవరు వేసుకోవాలో చెప్పే చట్టమేదీ లేదు. బాల్మోరల్ టార్టన్‌ను మాత్రం రాజకుటుంబానికి వదిలేయడం ఇక్కడి మర్యాద. మిగతావాటి విషయంలో, శ్రద్ధగా, పద్ధతిగా వేసుకున్నవాళ్ళను చూసి ఇక్కడివాళ్ళు సంతోషిస్తారు.

ముందు ఒకసారి అద్దెకు తీసుకుని వేసుకోండి. నడవడం, కూర్చోవడం, కేలీ అనే ఇక్కడి జానపద డ్యాన్సులో గిరగిరా తిరగడం అన్నీ అయ్యాక, నచ్చితేనే కుట్టించుకోండి. చేతికుట్టు కిల్ట్‌కు కొన్ని వందల పౌండ్లు అవుతాయి. పర్యాటకుల వీధుల్లో దొరికే చవక అక్రిలిక్ కిల్ట్ ఫొటోకి పనికొస్తుంది కానీ, కుచ్చిళ్ళు నిలవవు.

ఇక టార్టన్. మనకు క్లాన్ (స్కాటిష్ వంశం) లేదు కదా, ఏది ఎంచుకోవాలని చాలామంది అక్కడే ఆగిపోతారు. నిజానికి ఒక్కో వంశానికి ఒక్కో టార్టన్ అనే పద్ధతి చాలామంది అనుకునేంత పాతది కాదు. తిరుగుబాటుదారులు ప్రభుత్వ సేన చేతిలో ఓడిపోయిన కలోడెన్ యుద్ధం తర్వాత 1746లో వచ్చిన చట్టం హైలాండ్ (స్కాట్లండ్ ఉత్తరపు కొండ ప్రాంతం) దుస్తులను నిషేధించింది. దాన్ని 1782లో ఎత్తేశారు. 1822లో నాలుగో జార్జ్ రాజు ఎడిన్‌బరో వచ్చినప్పుడు టార్టన్‌కు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. వంశాల పేర్లతో ఈ గళ్ళు స్థిరపడింది ఎక్కువగా ఆ రోజుల్లోనే. కొత్తవి ఇప్పటికీ పుడుతూనే ఉన్నాయి. 2008 చట్టం కింద ఏర్పడి 2009లో మొదలైన స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్‌లో ఎవరైనా తమ సొంత గళ్ళను నమోదు చేసుకోవచ్చు. సిక్కుల కోసం సింగ్ టార్టన్ 1999లోనే వచ్చింది.

కాబట్టి మీ జీవితంలో ఈ దేశంతో ఏది ముడిపడిందో దాన్ని చూసుకోండి. ఎడిన్‌బరో, గ్లాస్గో, అబర్దీన్, డండీ నగరాలకు వాటి పేర్లతో టార్టన్‌లు ఉన్నాయి. చాలా యూనివర్సిటీలకూ ఉన్నాయి. మీరు చదివిన చోటు, మీ బిడ్డ పుట్టిన ఊరు, మొదటి ఉద్యోగం ఇచ్చిన నగరం, వీటిలో ఏదైనా సరే. ఇది ఎందుకు ఎంచుకున్నావని పెళ్ళిలో పక్కనున్న పెద్దాయన తప్పక అడుగుతాడు. అప్పుడు చెప్పడానికి మీదైన కారణం ఒకటి ఉంటే ఆ కిల్ట్ మీద మీకు మమకారం ఇంకా పెరుగుతుంది. అలాంటిదేదీ తోచకపోతే ఎవరైనా వేసుకోదగ్గవి ఉన్నాయి. ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు కలిసిన బ్లాక్ వాచ్, హంటింగ్ స్టువర్ట్, హెదర్ పూల ఊదారంగున్న ఐల్ ఆఫ్ స్కై అలాంటివే.

ఒకే టార్టన్‌కు రంగుల్లో రకాలుంటాయి. మోడర్న్ అంటే ముదురు రంగులు, ఏన్షెంట్ అంటే లేత రంగులు, వెదర్డ్ అంటే ఎండకు వానకు వెలసినట్టు ఉండే గోధుమ, బూడిద ఛాయలు. ఏన్షెంట్ అన్నంత మాత్రాన అది పాతకాలం డిజైన్ అని కాదు, రంగు ఛాయ మాత్రమే. మన చామనఛాయకు మోడర్న్‌లోని ముదురు ఎరుపు, ఆకుపచ్చ చాలా బాగా నప్పుతాయని నా అభిప్రాయం. వెదర్డ్ రంగులు ట్వీడ్ కోటు మీదకి బాగుంటాయి. ఫోన్‌లో ఫొటో చూసి మాత్రం ఖాయం చేయొద్దు. చిన్న గుడ్డముక్క తెప్పించుకుని పగటి వెలుతురులో ఒకసారి, రాత్రి లైటు కింద ఒకసారి చూడండి. గోడకు అంటించి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి కూడా చూడండి, ఎందుకంటే దగ్గర్నుంచి కనిపించే సన్నని పసుపు గీత దూరానికి మాయమైపోవచ్చు. గళ్ళ పరిమాణం కూడా గమనించండి. పొట్టిగా, సన్నగా ఉన్నవాళ్ళకు మరీ పెద్ద గళ్ళు ఎబ్బెట్టుగా ఉంటాయి.

బట్ట విషయంలో రాజీ పడకండి. మంచి కిల్ట్ బట్ట నూటికి నూరుపాళ్ళు ఉన్ని. రెండు పోగుల మీదుగా, రెండు పోగుల కిందుగా పేక వెళ్ళే ట్విల్ నేత కాబట్టి, దగ్గరగా చూస్తే ఏటవాలు గీతలు కనిపిస్తాయి. బరువును గజానికి ఇన్ని ఔన్సులని చెబుతారు. 10, 11 ఔన్సులది తేలిక, 13 మధ్యస్థం, 16 బరువు. బరువైన బట్టకు కుచ్చిళ్ళు చక్కగా నిలుస్తాయి, నడుస్తుంటే ఊపు బాగుంటుంది, గాలికి లేవదు. వేడి అవుతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు, ఇక్కడి వాతావరణానికి 16 ఔన్సులే హాయి. సెలవులకు హైదరాబాద్ తీసుకెళ్ళి వేసుకోవాలని ఉంటే 13 చాలు.

తర్వాత పొడవు. 8 గజాలన్నది ఆనవాయితీ లెక్క. మనిషి చుట్టుకొలతను, గళ్ళ సైజును బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. మామూలుగా వేసుకోవడానికి 5 గజాలతో కూడా కుడతారు, తేలిగ్గా ఉంటుంది. కానీ కిల్ట్ అందమంతా వెనక కుచ్చిళ్ళలోనే ఉంది, అందుకే నా ఓటు 8 గజాలకే. కుచ్చిళ్ళు పెట్టడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, మడతలు పడ్డాక కూడా వెనక గళ్ళు ముందున్నట్టే కనిపించేలా కుట్టడం. దీన్ని సెట్‌కు కుట్టడం అంటారు; సెట్ అంటే టార్టన్‌లో మళ్ళీ మళ్ళీ వచ్చే గళ్ళ నమూనా. రెండోది, ప్రతి మడత మధ్యలోకి ఒకే చార వచ్చేలా కుట్టడం; సైనిక పటాలాల పద్ధతి ఇది. నిలబడి ఉన్నప్పుడు వెనక అంతా నిలువు చారలే కనిపిస్తాయి, అడుగు వేయగానే లోపలి రంగు తెరుచుకుంటుంది. సెట్ పద్ధతిలో ప్రతి మడతా తుంటి దగ్గర వెడల్పుగా ఉండి నడుముకు వచ్చేసరికి సన్నబడాలి, అయినా గళ్ళు తప్పకూడదు. కుట్టేవాళ్ళ నైపుణ్యం అక్కడ తెలుస్తుంది. ఆర్డరిచ్చే ముందు వాళ్ళు కుట్టిన కిల్ట్ ఒకటి తిరగేసి చూపించమని అడగండి, ఏమీ అనుకోరు.

కొలతలు మీరే తీసుకోకండి, జీన్స్ సైజు అసలు చెప్పకండి. మనం ప్యాంటు పొట్ట కిందకి కడతాం, కిల్ట్ మాత్రం బొడ్డు ఎత్తున కూర్చుంటుంది. నడుము, తుంటి, పొడవు, ఈ మూడూ ఇంకొకరి చేత టేపుతో తీయించుకోండి. కింది అంచు మోకాలి చిప్ప మధ్యకో, పై అంచుకో రావాలి. మోకాళ్ళ మీద నిటారుగా నిలబడితే అంచు నేలకు తగలకూడదు. కింద ఉండేది బట్ట సహజ అంచే, మడిచి కుట్టరు. అందువల్ల తర్వాత పొడవు పెంచడం కుదరదు. నడుము అయితే బకిల్స్ జరిపి కొంత సరిచేయొచ్చు.

మిగతా సరంజామా నెమ్మదిగా కొనుక్కోవచ్చు. తోలు వద్దనుకునే ఇళ్ళవాళ్ళు తోలు లేని స్పోరన్ (కిల్ట్ ముందు నడుముకు వేలాడే సంచి) అడగండి. సీల్ చర్మం స్పోరన్ జోలికి వెళ్ళకండి, దాన్ని అమెరికాలోకి తీసుకెళ్ళనివ్వరు. కిల్ట్ పిన్ (ముందువైపు అలంకారంగా పెట్టే పిన్ను) ముందు ఒకదాని మీద ఒకటి వచ్చే పొరల్లో పై పొరకే గుచ్చాలి. రెండు పొరలకూ కలిపి గుచ్చితే బట్ట చిరుగుతుంది. మేజోడులో పెట్టుకునే చిన్న కత్తి, స్గీన్ డూ, జాతీయ దుస్తుల్లో భాగంగా పెట్టుకోవడానికి స్కాట్లండ్ చట్టం అవకాశమిస్తుంది. విమానంలో మాత్రం చేతి సంచిలో వద్దు, చెకిన్ పెట్టెలో వేయండి.

భార్యకు శాషో (భుజం మీదుగా వేసుకునే పొడవాటి గుడ్డ), పిల్లాడికి చిన్న కిల్టో అదే టార్టన్‌లో కావాలనుకుంటే ఒకేసారి ఆర్డర్ చేయండి. తర్వాత వేరే అద్దకంలో వచ్చిన బట్టకు రంగు కాస్త తేడా రావచ్చు. పిల్లల కిల్ట్‌కు లోపల అదనపు మడత పెట్టమంటే, ఎదిగేకొద్దీ విప్పుకోవచ్చు. చేతికుట్టుకు వారాల సమయం పడుతుంది. వేసవి పెళ్ళిళ్ళు, జూలై గ్రాడ్యుయేషన్ల ముందు దర్జీల దగ్గర రద్దీ ఎక్కువ, కాబట్టి వేసవికి కావాలంటే జనవరిలోనే ఆర్డర్ ఇవ్వండి.