తుప్పు బోల్టులు పారేయకండి

పాత చేతక్ స్కూటర్, యెజ్డీ బైకు లాంటివి విప్పి బాగుచేసేవాళ్లకు: బోల్టుల్ని డీజిల్‌లో నానబెట్టి, సర్ఫ్ నీళ్లతో జిడ్డు వదిలించి, రాత్రంతా తెల్ల వెనిగర్‌లో ఉంచితే వైర్ బ్రష్‌కి తుప్పు ఇట్టే ఊడొస్తుంది. వెంటనే వంటసోడా నీళ్లలో కడిగి, బాగా ఆరబెట్టి నూనె రాయాలి, లేదంటే వానాకాలంలో మళ్లీ ఎర్రబడటానికి ఎంతోసేపు పట్టదు. బోల్టులు ఎక్కువుంటే హైదరాబాద్‌లో బాలానగర్ వైపు జింక్ ప్లేటింగ్ (తుప్పు పట్టకుండా జింక్ పూత) చేయించండి, కానీ ఇచ్చేముందు ఫొటో తీసి, చిన్న వాషర్లు తీగకు గుచ్చండి (తప్పిపోయేవి అవే!). తలమీద 10.9, 12.9 అని ఉన్న బాగా గట్టి రకం బోల్టుల్ని మాత్రం వెనిగర్‌లో వేయొద్దు, మామూలు ప్లేటింగ్‌కీ ఇవ్వొద్దు. లోపలికి హైడ్రోజన్ చేరి పెళుసెక్కి, బిగించాక ఎప్పుడో విరగొచ్చు. బ్రేకు, స్టీరింగ్ బోల్టుల దగ్గర పీనాసితనం వద్దు, కొత్తవే వేయండి.